మన ఊరి మీద పరిశోధన, మన భాషలోకి ఎప్పుడు?

మూత్రపిండాల పాఠం చెబుతున్న రోజు అది. చిక్కుడు గింజ ఆకారం, నెఫ్రాన్, వడపోత అంటూ బోర్డు మీద బొమ్మ వేస్తున్నాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మాస్టారూ, మా అమ్మమ్మగారి ఊరు కవిటి పక్కన. అక్కడి నీళ్లు తాగితే కిడ్నీలు పోతాయంట. దసరా సెలవులకి వెళ్లొద్దంటోంది మా నాన్నమ్మ. నిజంగానే పోతాయా?" అని అడిగింది.

చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నెఫ్రాన్ ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు. ఒక్కో కిడ్నీలో పది లక్షలదాకా నెఫ్రాన్లు ఉంటాయని కూడా చెప్పగలను. కానీ ఆ పిల్ల అడిగింది పాఠం కాదు, వాళ్ల అమ్మమ్మ ఊరు. "రేపు చెబుతానమ్మా" అన్నాను. ఇరవై ఏళ్లకు దగ్గరపడిన ఉద్యోగంలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో, ఆ 'రేపు' ఎన్నిసార్లు రాలేదో నాకే తెలుసు.

మాది ఒడిశాలోని గంజాం జిల్లా. బరంపురంలో రైలెక్కితే కాసేపటికే ఇచ్ఛాపురం, ఆపైన కంచిలి, సోంపేట. 1936 ఏప్రిల్ 1న రాష్ట్రం గీత మా మధ్య పడింది గాని, పెళ్లి సంబంధాలకు ఆ గీత ఎప్పుడూ అడ్డం రాలేదు. మా తరగతిలో సగం మంది పిల్లలకు అమ్మమ్మ వైపో నాన్నమ్మ వైపో ఉద్దానంతో చుట్టరికం ఉంది. కొబ్బరితోటలు, జీడితోటలు, పనస చెట్లు ఉన్న ఆ చల్లని నేల ఇప్పుడు కిడ్నీ జబ్బు పేరుతోనే లోకానికి తెలుస్తోంది. ఉద్దానం పిల్లను చేసుకోవాలంటే వెనకాడేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. ఆ అమ్మాయి ప్రశ్న వెనక ఇంత ఉంది.

ఆ రాత్రి కూర్చుని చదివాను. దొరికినదంతా ఇంగ్లీషులోనే. నా ఇంగ్లీషు బీఈడీ దాకా నడిచిన ఇంగ్లీషు, డిక్షనరీ పక్కన పెట్టుకుంటే ముందుకు పోతుంది. వైద్య కళాశాలలు, పరిశోధన సంస్థలు ఇటీవలి ఏళ్లలో ఉద్దానంలో చేసిన సర్వేలు చూస్తే, పరీక్షించిన పెద్దవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు కనబడింది. వాళ్లలో చాలామందికి షుగరు లేదు, బీపీ లేదు. మామూలుగా కిడ్నీని పాడుచేసే ఆ రెండూ లేకుండానే జబ్బు వచ్చింది. అందుకే డాక్టర్లు దీనికి 'కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి' అని పేరు పెట్టారు. నీళ్లలో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడం, నొప్పి మాత్రల వాడకం, వంశపారంపర్యం... అనుమానాల జాబితా పెద్దదే. ఏ ఒక్కటీ ఇదే కారణమని రుజువు కాలేదు. శ్రీలంకలో ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతుల్లో, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడి విశ్వవిద్యాలయాల వాళ్లూ ఇదే ప్రశ్నతో కుస్తీ పడుతున్నారు. చెరకు కోసేవాళ్లకు పని మధ్యలో నీళ్లు, నీడ, విశ్రాంతి ఇస్తే కిడ్నీల మీద భారం తగ్గుతుందా అని చూస్తున్నారు.

మర్నాడు తరగతిలో ఇదంతా తెలుగులో చెప్పాను. ఇది అంటువ్యాధి కాదని చెప్పాను. ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరే జబ్బని, సెలవులకు వెళ్లొచ్చిన పిల్లలకు వస్తుందని ఏ పరిశోధనా తేల్చలేదని చెప్పాను. రక్తంలో క్రియాటినిన్ అనే పదార్థం ఎంతుందో చూస్తే కిడ్నీ పనితీరు తెలుస్తుందని, పెద్దవాళ్లు ఆ పరీక్ష చేయించుకోవాలని, నడుం నొప్పికీ కాళ్ల నొప్పికీ దుకాణంలో మాత్ర కొని మింగే అలవాటు మంచిది కాదని చెప్పాను. వంశధార నీళ్లను హిరమండలం నుంచి పైపుల్లో ఉద్దానానికి తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో కూడిన 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలైన సంగతీ చెప్పాను. చివర్లో, "అసలు కారణం ఏమిటో ఇంకా ఎవరికీ తెలియదు" అన్నాను.

పిల్లలు దిగులు పడతారనుకున్నాను. పడలేదు. "ఎవరికీ తెలియదా మాస్టారూ? అమెరికా వాళ్లకి కూడానా?" అని ఒకడు కళ్లు పెద్దవి చేసి అడిగాడు. సైన్సు అంటే అన్నీ తేలిపోయి పుస్తకంలో అచ్చయిపోయినది అని వాళ్ల నమ్మకం. తేలనిది కూడా ఉంటుందని, అదీ తమ గడప పక్కనే ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ అమ్మాయి తండ్రి వారం తర్వాత బడికి వచ్చాడు. నన్ను తిట్టడానికేమో అనుకున్నాను. అతను చెప్పింది వేరు. "మా అత్తగారి ఊళ్లో ఎవరెవరో వచ్చి రక్తం తీసుకెళ్లారు మాస్టారూ. నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. ఒకసారి కాదు. ఏం తేలిందో మాత్రం వెనక్కొచ్చి చెప్పినవాడు లేడు. మా పాప చెబితే విన్నాం."

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట కోసమే. పరిశోధన మన ఊళ్ల మీద జరుగుతోంది. మన రక్తం మీద, మన నీళ్ల మీద, మన పొలాల్లో జరుగుతోంది. ఫలితం ఇంగ్లీషు పత్రికలో అచ్చవుతుంది, అక్కడితో ఆగిపోతుంది. తిరిగి మన ఇంటికి వచ్చే దారి ఎవరూ వేయలేదు. ఆ దారి వేయగలిగిన మొదటి చోటు మన తెలుగు బడి అని నా అభిప్రాయం. యూనివర్సిటీలు వేస్తాయని కూర్చుంటే మన పిల్లలు పెద్దవాళ్లైపోతారు.

ఉద్దానం ఒక్కటే కాదు. మా ఒడిశా తెలుగువాళ్లకు ఇంతకంటే దగ్గరి కథ ఒకటుంది. అది వరి కథ.

మా జిల్లాలో తెలుగు రైతైనా ఒడియా రైతైనా 'స్వర్ణ' పేరు తెలియనివాడు లేడు. ఆ వంగడం పుట్టింది పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రంలో. ఎంటీయూ 7029 అని దాని నంబరు, ఎంటీయూ అంటే మారుటేరే. 1982లో విడుదలై గోదావరి డెల్టా దాటి ఒడిశా, బెంగాల్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌ల దాకా పాకింది. దిగుబడి బాగుంటుంది, ఎరువు తక్కువైనా ఓర్చుకుంటుంది. దానికున్న పెద్ద లోపం ఒక్కటే. వరదలో పూర్తిగా మునిగితే వారం పది రోజుల్లో కుళ్లిపోతుంది.

ఎందుకు చచ్చిపోతుందో పిల్లలకు చెప్పినప్పుడు నోరెళ్లబెట్టి విన్నారు. మునిగిన వరి మొక్క భయపడ్డ మనిషిలా ప్రవర్తిస్తుంది. గాలి అందుకోవాలని గబగబా పైకి సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థం అంతా ఆ సాగడానికే ఖర్చు పెట్టేస్తుంది. నీరు త్వరగా తీస్తే బతుకుతుంది. తీయకపోతే శక్తి అయిపోయి వాలిపోతుంది. ఒడిశా పల్లపు పొలాల్లో మాత్రం తాతల కాలం నుంచి ధళపుటియా అనే నాటు వరి ఉండేది. అది మునిగితే సాగదు. ఊపిరి బిగబట్టినట్టు కదలకుండా ఉండి, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. దాన్నుంచి ఎంపిక చేసిన రకానికి ఎఫ్‌ఆర్ 13ఏ అని పేరు పెట్టారు. ఎఫ్‌ఆర్ అంటే వరదను తట్టుకునేదని. గింజ తక్కువ, అన్నం అంత బాగుండదు, అందుకని రైతులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మంచి రకాలతో కలిపి చూద్దామంటే వరదను తట్టుకునే గుణంతో పాటు చెడ్డ గుణాలూ వచ్చేవి. ఇలా దశాబ్దాలు గడిచాయి.

ఆ గుణం తొమ్మిదో క్రోమోజోము మీద ఎక్కడుందో 1996లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ గుర్తించారు. అదే విశ్వవిద్యాలయంలోని పమేలా రొనాల్డ్ బృందం, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కలిసి పనిచేసి ఆ జన్యువు ఏదో 2006లో 'నేచర్' పత్రికలో ప్రకటించాయి. దానికి సబ్1ఏ అని పేరు. ఆపైన మన స్వర్ణను ఎఫ్‌ఆర్ 13ఏ సంతతితో సంకరం చేసి, మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ, ప్రతి తరంలోనూ డీఎన్‌ఏ గుర్తులను చూసి కావలసిన మొక్కలనే ఏరుకున్నారు. చివరికి మిగిలింది స్వర్ణే, అదనంగా ఆ ఒక్క గుణం. స్వర్ణ-సబ్1 అనే ఆ రకం 2009లో మన దేశంలో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. ఆ రెండింటినీ కలగలిపి వాదించేవాళ్లు మా స్టాఫ్ రూములోనే ఉన్నారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. పరాగ సంపర్కంతో కలిపిన పంటే, కాకపోతే గుడ్డిగా కాకుండా గుర్తు చూసి ఏరారు.

తెలుగు నేల మీద పుట్టిన వరి, ఒడిశా నేల మీద పుట్టిన వరి, కాలిఫోర్నియా ప్రయోగశాలలో దొరికిన జన్యువు. ఒడిశాలో ఉండే తెలుగు పిల్లవాడికి ఇంతకంటే సొంతమైన సైన్సు పాఠం ఎక్కడ దొరుకుతుంది? వాడి పళ్లెంలోని అన్నంలాగే వాడూ రెండు నేలల బిడ్డ.

ఇందులో నన్ను ఎక్కువగా కదిలించింది జన్యువు కాదు, ఆ తర్వాత జరిగిన పని. ప్రయోగశాలలో బాగున్నది రైతు పొలంలో బాగుంటుందా? తేల్చడానికి మంజూర్ దార్, కైల్ ఎమెరిక్, అలేన్ డి జాన్వ్రీ, ఎలిజబెత్ సదూలే అనే పరిశోధకులు భద్రక్, బాలాసోర్ జిల్లాల్లో 128 ఊళ్లు తీసుకున్నారు. చీటీలు తీసినట్టు వాటిలో సగం ఊళ్లను ఎంచి, ఊరికి ఐదుగురు రైతులకు ఐదేసి కిలోల స్వర్ణ-సబ్1 విత్తనం ఇచ్చారు. మిగతా సగం ఊళ్లను పోల్చడానికి అట్టే పెట్టారు. 2011లో వరద రానే వచ్చింది. పొలం పది రోజులు మునిగిన చోట, అప్పటిదాకా వేస్తున్న రకం కంటే కొత్త రకం సుమారు 45 శాతం ఎక్కువ పండింది. వరద రాని చోట దిగుబడేమీ తగ్గలేదు. ఇంకో సంగతి కూడా తేలింది. ముంపు భూములు ఎక్కువగా ఎవరి చేతుల్లో ఉన్నాయని చూస్తే, దళితుల చేతుల్లో. మెరక పొలాలు ఊళ్లో పెద్దవాళ్లవి, పల్లపు పొలాలు పేదవాళ్లవి. అంచేత వరదను తట్టుకునే విత్తనం వల్ల ఎక్కువ మేలు జరిగేది వాళ్లకే. 2013లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత చూస్తే, ఈ విత్తనం వేసిన రైతులు వరద భయం తగ్గి ఎరువు కొంచెం ఎక్కువ వేశారు, వెదజల్లే బదులు నాట్లు వేసినవాళ్లు పెరిగారు. ఒక జన్యువు మనిషి ధైర్యాన్ని కూడా మార్చిందన్నమాట.

ఈ పాఠం చెప్పిన రోజు నేను పిల్లలకు ఒక పని ఇచ్చాను. ఇంటికెళ్లి, మీ పొలంలోనో మీ తాతగారి పొలంలోనో ఏ వరి వేస్తారు, ఏ సంవత్సరం మునిగింది, ఎన్ని రోజులు మునిగింది, ఏం మిగిలింది అని అడిగి రాసుకు రమ్మన్నాను. ఎప్పుడూ హోంవర్క్ తేని పిల్లాడు నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. వాళ్ల తాత కూర్చోబెట్టి చెప్పాడట. అందులో సగం తెలుగు, సగం ఒడియా. నేను దిద్దలేదు.

ఇంజినీరింగు సంగతి మా తీరంలో వేరే చెప్పక్కర్లేదు. 1999 అక్టోబరు 29న వచ్చిన మహా తుఫానుకు ఒడిశాలో దాదాపు పదివేల మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, మా నెత్తి మీదే, గంటకు 200 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. ఇళ్లు, చెట్లు, కరెంటు స్తంభాలు నేలమట్టమయ్యాయి. చనిపోయినవాళ్లు మాత్రం పదుల్లోనే. దాదాపు పది లక్షల మందిని ముందే కదిలించారు కాబట్టి. ఎక్కడికి కదిలించారు? బళ్లలోకి, సైక్లోన్ షెల్టర్లలోకి. 1999 తర్వాత ఆ షెల్టర్లు ఎక్కడ కావాలో, ఎలా కట్టాలో ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు సర్వే చేసి నమూనాలు గీశారు. కింద గోడలు లేకుండా స్తంభాల మీద ఎందుకు నిలబెట్టారని మా పిల్లల్ని అడిగాను. "కింద ఆవుల్ని కట్టేసుకోడానికి" అన్నారు. ఉప్పెన నీరు గోడను గుద్దకుండా కింది నుంచి సాగిపోవడానికి అని చెబితే, రోజూ ఆ భవనం కింద ఆడుకునే పిల్లలు దాన్ని మొదటిసారి చూసినట్టు చూశారు. చాలా ఊళ్లలో ఆ షెల్టరే బడి. పిల్లలు కూర్చునేదే ఒక పరిశోధన ఫలితంలో.

ఇక శాతాల సంగతి. రోటావైరస్ చుక్కల మందు చిన్నపిల్లలకు ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో వేస్తారు. విరేచనాలతో పసిపిల్లలు చనిపోకుండా అది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980ల్లో నవజాత శిశువుల్లో దొరికిన ఒక వైరస్ రకం దాని మూలం. ఆ వైరస్ ఆ పసికందులకు జబ్బు తేలేదు, అదే విశేషం. తయారు చేసింది హైదరాబాదు కంపెనీ భారత్ బయోటెక్. ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది పసిపిల్లల మీద పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ఈ పేజీ చదివే వేలూరు, పుణె తెలుగువాళ్లకు ఈ సంగతి తెలుసో లేదో. 2016లో ప్రభుత్వ టీకాల జాబితాలో చేర్చినప్పుడు మొదట వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి రక్షణ 56 శాతం అని తేలింది.

"56 అంటే సెకండ్ డివిజనే కదా మాస్టారూ" అన్నాడు ఒకడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ వాడన్నదే చాలామంది పెద్దవాళ్లూ అనుకుంటారు. మార్కుల శాతం వేరు, రక్షణ శాతం వేరు. బోర్డు మీద రెండు గుంపులు గీశాను. మందు వేయని గుంపులో వందమంది పిల్లలకు జబ్బు ముదిరిందనుకోండి. అంతే పెద్ద గుంపుకు మందు వేస్తే 44 మందికే ముదురుతుంది. మిగతా 56 మంది ఇళ్లలో ఆ రాత్రి ఆస్పత్రికి పరుగు ఉండదు. మందు ఏదో, ఉత్తుత్తి చుక్కలేవో వేసేవాళ్లకు కూడా తెలియకుండా ఎందుకు వేస్తారో చెప్పడానికి ఇంకో పీరియడ్ పట్టింది. లెక్కల మాస్టారి పీరియడ్ అప్పు తీసుకున్నాను. ఆయన ఇంకా వసూలు చేస్తున్నాడు.

ఇప్పుడు తల్లిదండ్రులు అడిగే ప్రశ్నకు వస్తాను. ఇవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి గదా, అలాంటప్పుడు పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేస్తే నేరుగా చదువుకుంటారు గదా అని. ఈ మాటను నేను కొట్టిపారేయను. నేను చదివింది ఇంగ్లీషులోనే, నా విద్యార్థులూ ఒకరోజు ఇంగ్లీషులో చదవాలి. దానికి కావలసిన ఇంగ్లీషును మనం గట్టిగా నేర్పడం లేదన్నది మన తప్పే, దాన్ని తెలుగు మీద తోయకూడదు. కానీ పక్క వీధి ఇంగ్లీషు మీడియం బడిలో పిల్లలు చదివే కిడ్నీ పాఠంలో ఉద్దానం ఉందా? స్వర్ణ-సబ్1 ఉందా? లేదు. అక్కడా నెఫ్రాన్ బొమ్మే, అక్కడా బట్టీయే. మా ఎదురింటి అబ్బాయి ఇంగ్లీషులో నెఫ్రాన్ నిర్వచనం తడుముకోకుండా అప్పజెప్పాడు. వాళ్ల అత్త ఊరు సోంపేటే. నీళ్ల సంగతి అడిగితే "అది సిలబస్‌లో లేదు అంకుల్" అన్నాడు. పాపం, వాడి తప్పేముంది.

పరిశోధన మన ఇంటికి రావాలంటే చివరి మెట్టు భాష. ఆ పాప చెబితే తండ్రి విన్నాడు, తండ్రి చెబితే ఉద్దానంలో అత్తగారు వింటుంది. ఇంగ్లీషులో నేర్చుకుని ఉంటే ఆ మాట ఆ పిల్ల నోట్‌బుక్‌లోనే ఉండిపోయేది. రాజ్యాంగం 350ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు ఉండాలంటుంది. ఆ హక్కు కోసం మనం అర్జీలు పెడతాం, ధర్నాలు చేస్తాం, పెట్టాలి కూడా. కానీ ఆ భాషలో పిల్లవాడికి ఏం చెబుతున్నామన్నది ఏ అధికరణమూ రాసిపెట్టదు. పుస్తకం అచ్చయ్యాక జరిగిన పరిశోధన పుస్తకంలో ఉండదు. అది చెప్పాల్సింది మనమే. పుస్తకాలు జూన్‌లో రావాల్సినవి సెప్టెంబరులో వచ్చాయని నేనూ ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఆ మూడు నెలలు పుస్తకం లేకుండా ఏం చెప్పాను అని ఎవరైనా అడిగితే మొన్నటిదాకా నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు.

తోటి ఉపాధ్యాయులకు తెలుగు మాటల గురించి ఒక మాట. పారిభాషిక పదాలు లేవని భయపడొద్దు. 'ముంపు' ఉంది, 'నాటు' ఉంది, 'పోల్చడానికి ఉంచిన గుంపు' అంటే పిల్లలకు అర్థమవుతుంది. జన్యువును జీన్ అన్నా ఫరవాలేదు, క్రియాటినిన్‌ను క్రియాటినిన్ అనే అందాం, ఆస్పత్రి చీటీ మీద అదే ఉంటుంది. సంస్కృతంలోంచి కొత్త పదం కట్టి పిల్లల్ని హడలగొట్టే పని పెట్టుకోవద్దు. అది చేసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. 'నిమజ్జన సహిష్ణుత' అని బోర్డు మీద రాసి, నాకే నవ్వొచ్చి తుడిపేశాను.

మా గంజాం కథలే మీకు అక్కర్లేదు. మీ మీ చోట్లవి మీకున్నాయి. పావగడలోనో, కృష్ణగిరి, ధర్మపురి వైపో ఉన్న తెలుగు బళ్ల వాళ్లకు ఫ్లోరైడ్ గురించి నేను చెప్పాలా? మన దేశంలో ఆ జబ్బును తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసిన ఊళ్లలో. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి పేరే నల్లగొండ పద్ధతి. దాన్ని రూపొందించింది నాగపూర్‌లోని నీరి సంస్థ. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండొచ్చని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం. మీ బడి బోరు నీళ్లలో ఎంతుంది? పిల్లల చేత ఒక సీసాలో పట్టించి, జిల్లా నీటి పరీక్షా కేంద్రానికి పంపించి, వచ్చిన అంకెను నోటీసు బోర్డు మీద పెట్టొచ్చు. మహారాష్ట్ర వాళ్లకు ధనశక్తి సజ్జ ఉంది. ఇనుము ఎక్కువగా ఉండే ఆ రకాన్ని హైదరాబాదు పక్కనున్న ఇక్రిశాట్, రాహురిలోని మహాత్మా ఫులే కృషి విద్యాపీఠం కలిసి తెచ్చాయి. యానాం పిల్లలకు మారుటేరు తమ గోదావరి డెల్టాలోనే ఉంది, ఒకరోజు బస్సులో తీసుకెళ్లి చూపించొచ్చు.

మా బడిలో శనివారం చివరి పీరియడ్‌ను దీనికి పెట్టుకున్నాం. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఎంతమంది మీద చేశారు, దేనితో పోల్చారు, ఇంకా తేలనిదేమిటి? ఈ ఐదు ప్రశ్నలు ప్రతి సంగతికీ అడుగుతాం. వాట్సాప్‌లో వచ్చే 'శాస్త్రవేత్తలు కనుగొన్నారు' అనే మెసేజీలను కూడా పిల్లలు ఇదే జల్లెడలో పోస్తున్నారు. సగం మొదటి ప్రశ్న దగ్గరే రాలిపోతున్నాయి. యూనివర్సిటీల వాళ్లను నేను అడిగేది పెద్దదేమీ కాదు. మా ఊళ్ల నుంచి నమూనా తీసుకెళ్లినప్పుడు, ఫలితాన్ని ఒక్క పేజీలో తెలుగులోనో ఒడియాలోనో రాసి ఆ ఊరి బడికి పంపండి. రాయడం రాకపోతే ఇంగ్లీషులోనే పంపండి, మేం తిప్పుకుంటాం.

ఆ అమ్మాయి దసరాకు అమ్మమ్మగారి ఊరు వెళ్లింది. నాన్నమ్మ ఒప్పుకుంది, కాకపోతే నీళ్ల క్యాన్ వెంట పెట్టి పంపింది. తిరిగొచ్చాక నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. పెద్దమామయ్యకు క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. చిన్నమామయ్యకు లేదు. ఇద్దరూ ఒకే బావి నీళ్లు తాగారు, ఒకే ఇంట్లో పెరిగారు. పెద్దాయన కొబ్బరి తోటలో పొద్దున్నించి సాయంత్రం దాకా ఉంటాడు, మధ్యాహ్నం నీళ్లు తాగడు. చిన్నాయనకు కిరాణా కొట్టు. "నీళ్లే కారణమైతే ఇద్దరికీ రావాలి కదా మాస్టారూ? ఎండే కారణమైతే పక్క తోటలో పనిచేసే ఆయనకి ఎందుకు రాలేదు?" అని రాసుకుంది.

ఇద్దరినీ, ముగ్గురినీ చూసి తేల్చలేమని, అందుకే వేలమందిని చూస్తారని చెప్పాను. ఆ ప్రశ్నను మాత్రం 'ఇంకా తేలనివి' అని రాసుకున్న గడిలో ఎక్కించాం. దాని పక్కన తారీకు వేసి, ఆ పిల్ల పేరు రాశాం.